ఘాట్ ఎక్కుతుంటే ముల్లు ఎందుకు లేస్తుంది? కారు రేడియేటర్ లోపలి సంగతి

ఎండాకాలం పెళ్లిళ్ల రోజుల్లో తిరుపతి నుంచి పీలేరు, మదనపల్లె వైపు వెళ్లేవారికి ఈ దృశ్యం కొత్త కాదు. చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ సగం ఎక్కాక రోడ్డు వారన బానెట్ ఎత్తిన కారు. పక్కన చెట్టు నీడలో వలీమాకు బయలుదేరిన కుటుంబం, కొత్త బట్టల్లో చెమటలు తుడుచుకుంటూ. బానెట్ కింద నుంచి ఆవిరి. ఇంటి పెద్దాయన చేతిలో నీళ్ల బాటిల్, భుజాన తువ్వాలు. ‘‘ఏం కాలేదులే, కొంచెం హీటయింది, నీళ్లు పోస్తే సరిపోతుంది’’ అంటూ ఆయన రేడియేటర్ మూత వైపు వేసే ఆ నాలుగు అడుగులు ఉన్నాయే, మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి అవే.

ఎందుకో తెలియాలంటే ముందు ఆ మూత వెనకాల ఏం జరుగుతోందో చూడాలి.

పెట్రోలు గానీ డీజిల్ గానీ సిలిండర్‌లో మండిన క్షణంలో అక్కడి వాయువుల వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. ఇప్పటి కార్లలో ఇంజిన్ హెడ్ అల్యూమినియంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. అయినా హెడ్ కరగడం లేదంటే కారణాలు రెండు. మంట రెప్పపాటు మాత్రమే ఉంటుంది, వెంటనే కొత్త గాలి లోపలికి వస్తుంది. రెండోది, సిలిండర్ల చుట్టూ ఉన్న కాలువల్లో నీళ్లు ఆగకుండా తిరుగుతుంటాయి. బంకులో పోయించే పెట్రోలులో ఉన్న శక్తిలో సుమారు మూడో వంతే బండిని నడపడానికి పనికొస్తుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా వేడి పొగగా పోతుంది. మిగిలిందాంట్లో ఎక్కువ భాగం ఇంజిన్ ఒంటికి పడుతుంది. దాన్ని బయటికి పంపే పని రేడియేటర్‌ది. అంటే వంద రూపాయల పెట్రోలులో దాదాపు ముప్పై రూపాయలది బండి ముందున్న జాలీలోంచి వేడి గాలిగా పోతోంది. బాధగా ఉన్నా లెక్క అదే.

నీళ్ల దారి కూడా కష్టమైందేమీ కాదు. ఇంజిన్‌కి ఆనుకుని ఒక వాటర్ పంప్ ఉంటుంది. అది చాలా బండ్లలో బెల్టుతో తిరుగుతుంది. అది నీళ్లను సిలిండర్ల చుట్టూ, హెడ్ లోపలికి తోస్తుంది. అక్కడ వేడెక్కిన నీళ్లు లావుపాటి రబ్బరు హోస్ పైపు గుండా రేడియేటర్‌కి వస్తాయి. రేడియేటర్ అంటే సన్నటి గొట్టాల వరస, వాటి మధ్య ముడతలు పెట్టిన పల్చటి అల్యూమినియం రేకులు. నీళ్లు గొట్టాల్లో పోతుంటే, ఎదురుగాలి ఆ రేకుల మధ్య నుంచి దూరి వేడిని ఎత్తుకుపోతుంది. చల్లబడ్డ నీళ్లు మళ్లీ పంప్‌కి. అలా తిరుగుతూనే ఉంటాయి.

ఇక్కడ చాలామంది పొరబడే మాట ఒకటుంది. ఇంజిన్‌ని చల్లబరిచేది నీళ్లని అనుకుంటాం. చివరికి చల్లబరిచేది గాలి. నీళ్లు కూలీ మాత్రమే, వేడిని వీపున మోసుకొచ్చి గాలికి అప్పజెబుతుంది. ఎదుట తీసుకునేవాడు లేకపోతే కూలీ ఎన్నిసార్లు తిరిగినా మూట దిగదు. ఘాట్‌లో జరిగేది అచ్చంగా ఇదే.

ఒక చిన్న లెక్క చూద్దాం. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో. మధ్యలో 500 మీటర్లకు పైగా ఎక్కాలి. కుటుంబమూ సామానూ కలిపి కారు 1500 కిలోలు ఉందనుకుంటే, నేల మీద నడిచే ఖర్చు కాకుండా ఆ ఎత్తు ఎక్కడానికే ముప్పావు లీటరు పెట్రోలు పడుతుంది. అందులో రేడియేటర్ వాటాకు వచ్చే వేడి ఎంతంటే, దాంతో పాతిక లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. ఓ మోస్తరు బిర్యానీ డేగ్‌లో ఎసరు పెట్టినట్టే. ఈ ఎక్కుడులో పెద్ద భాగం ఘాట్ ఉన్న కాసిని కిలోమీటర్లలోనే వచ్చి పడుతుంది.

వేడి అంత పుడుతున్న చోటే గాలి తగ్గిపోతుంది. చదును రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌కి సరిపోతుంది, ఫ్యాన్‌తో పనే లేదు. ఘాట్‌లో ముందు ఇటుకల లారీ, వెనక మనం, రెండో గేరు, గంటకు 20 కిలోమీటర్లు. ఇంజిన్ అరుస్తోంది, గాలి లేదు. అంతా ఫ్యాన్ మీద పడుతుంది. చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లేవాళ్లకు బంగారుపాళెం దాటాక మొగిలి ఘాట్‌లో ఇదే అనుభవం. ఉమ్రాకు వెళ్లేవాళ్లను విమానాశ్రయంలో దింపడానికి రెండు కుటుంబాలు ఒకే కారులో సర్దుకుని బయలుదేరిన రోజున మరీను.

దీనికి తోడు ఏసీ. బానెట్ ముందు నుంచి చూస్తే రేడియేటర్ కన్నా ముందు ఇంకో జాలీ కనిపిస్తుంది. అది ఏసీ కండెన్సర్. కారు లోపలి వేడిని అది బయటికి వదులుతుంది, ఆ వేడెక్కిన గాలే వెనకున్న రేడియేటర్‌కి వెళుతుంది. బయట ఎండ 42 డిగ్రీలుంటే రేడియేటర్‌కి అందే గాలి అంతకన్నా వేడిగా ఉంటుంది. పైగా ఏసీ కంప్రెసర్‌ని తిప్పే బరువు కూడా ఇంజిన్‌దే. ఘాట్ ఎక్కేటప్పుడు పాత డ్రైవర్లు ఏసీ ఆపేది పిసినారితనంతో కాదు.

ఇక మూత సంగతి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని బడిలో చదువుకున్నాం. ఎత్తుకు పోయేకొద్దీ ఇంకా త్వరగా, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. మదనపల్లెలో 98 దగ్గరే మరుగుతాయి. కానీ ఇంజిన్‌లో నీళ్ల వేడి మామూలుగానే 90, 100 డిగ్రీల మధ్య ఉంటుంది. మరి మరగవెందుకు? ప్రెషర్ కుక్కర్ సూత్రమే. రేడియేటర్ మూత వట్టి మూత కాదు, లోపల స్ప్రింగుతో ఉండే వాల్వ్. లోపలి ఒత్తిడిని బయటి గాలి ఒత్తిడి కన్నా దాదాపు ఒక బార్ ఎక్కువ వరకు అది ఆపి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో వట్టి నీళ్లు కూడా 118, 120 డిగ్రీల దాకా మరగవు. కూలెంట్ కలిపితే ఇంకొంచెం పైకి వెళుతుంది. అంతకు మించి ఒత్తిడి పెరిగితే వాల్వ్ తెరుచుకుని, ఎక్కువైనదాన్ని పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్‌లోకి వదులుతుంది. బండి చల్లారాక అదే మళ్లీ వెనక్కి పీల్చుకుంటుంది.

మొదటి కార్లకు ఈ ఏర్పాటు లేదు. 1888లో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో జర్మనీలో మన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌జైమ్‌కు ప్రపంచంలోనే మొదటి దూరప్రయాణం చేసినప్పుడు, ఆ బండి నీళ్లు ఆవిరైపోతూ చల్లబడేది. దారి పొడుగునా ఆగి నీళ్లు పోసుకుంటూ పోవాల్సి వచ్చింది. సన్నటి గొట్టాలతో తేనెపట్టులాంటి రేడియేటర్ 1901 నాటి మెర్సిడెస్ కారుతో వచ్చింది. మన దగ్గర తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. ఆ కాలం బండ్లకు ఏడు కొండల ఎక్కుడు చిన్న పరీక్ష కాదు. మొన్న మొన్నటి అంబాసిడర్ల రోజుల దాకా డిక్కీలో నీళ్ల డబ్బా లేకుండా ఘాట్ ఎక్కేవాళ్లు తక్కువ. ‘హీటయితే నీళ్లు పోయ్’ అనే అలవాటు మనకు అక్కడి నుంచి వచ్చింది. బండ్లు మారాయి, అలవాటు మారలేదు.

ఇప్పుడు ఆ పెద్దాయన దగ్గరికి వద్దాం. మూత కింద నీళ్లు 115 డిగ్రీల మీద ఉన్నాయి, ఒత్తిడి ఉంది కాబట్టి మరగకుండా ఆగాయి. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది. ఆ క్షణంలోనే నీళ్లు ఒక్కసారిగా మరుగుతాయి. లీటరు నీళ్ల నుంచి నలభై లీటర్లకు పైగా ఆవిరి పుడుతుంది. చిన్న కారులో కూడా నాలుగైదు లీటర్లు ఉంటాయి. ఆ ఆవిరి మరుగుతున్న నీళ్లను ముందుకు తోసుకుంటూ ఎగుస్తుంది, సరిగ్గా వంగి చూస్తున్న మొహం మీదికి, చేతుల మీదికి, ఏం జరుగుతోందో చూద్దామని పక్కకు వచ్చి నిలబడ్డ పిల్లల మీదికి. విజిల్ పడుతున్న కుక్కర్ మూత ఎవరూ బలవంతంగా లాగరు. అమ్మీ వంటింట్లో పాటించే జాగ్రత్త అబ్బా బానెట్ దగ్గర మర్చిపోతారు.

కొత్త కార్లలో చాలావాటికి రేడియేటర్ మీద మూతే ఉండదు, పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకుకు ఉంటుంది. ‘ఇది బాటిలే కదా’ అని దాన్ని తిప్పడం కూడా అంతే ప్రమాదం, ఆ బండ్లలో ఒత్తిడి ఉండేది ఆ ట్యాంకులోనే.

మరి ముల్లు లేచినప్పుడు ఏం చేయాలి? ఎర్ర గీత దాకా పోకముందే, మామూలు చోటు దాటిందని కనబడగానే ఏసీ ఆపాలి. అప్పుడు వినడానికి పిచ్చిగా అనిపించే పని ఒకటుంది: హీటర్ పూర్తిగా పెట్టి బ్లోయర్ గట్టిగా తిప్పడం. డాష్‌బోర్డ్ వెనక హీటర్ కోసం ఒక బుల్లి రేడియేటర్ ఉంటుంది, ఇంజిన్ వేడిలో కొంత దాని గుండా పోతుంది. అద్దాలు దించుకుని ఐదు నిమిషాలు అందరూ ఉక్కపోత భరిస్తే, ఇంజిన్ బతికే అవకాశం పెరుగుతుంది. ముందున్న లారీకి ఆనుకుని పోకుండా దూరం ఇవ్వాలి. అయినా తగ్గకపోతే మలుపు కాని చోట, వెనక వచ్చేవాళ్లకు కనబడేలా ఆపి, పార్కింగ్ లైట్లు వేసి, చక్రాల వెనక రాళ్లు పెట్టాలి.

ఆవిరి లేకుండా ముల్లు మాత్రమే పైనుంటే, ఇంజిన్‌ని ఒకటి రెండు నిమిషాలు న్యూట్రల్‌లో ఆడనివ్వడం మంచిది, పంప్, ఫ్యాన్ తిరిగి వేడి దిగుతుంది. ఎర్ర లైటు వెలిగినా, ఆవిరి కనిపించినా వెంటనే ఆపేయాలి. ఆ తర్వాత కనీసం అరగంట, ముప్పావు గంట ఓపిక పట్టాలి. పైన ఉన్న హోస్ పైపును గుడ్డతో నొక్కి చూస్తే, గట్టిగా ఉబ్బి ఉంటే లోపల ఇంకా ఒత్తిడి ఉన్నట్టు. మెత్తగా నొక్కుకుంటేనే మూత మీద మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకు పెట్టుకుని కొద్దిగా తిప్పాలి. ‘స్స్’ అని శబ్దం వస్తే అక్కడే ఆగి, అది పూర్తిగా పోయాకే తీయాలి. నీళ్లు కూడా గబగబా పోయకూడదు. కాలుతున్న హెడ్‌కు చల్లటి నీళ్లు ఒక్కసారిగా తగిలితే చీలిపోవచ్చు. అత్యవసరంలో తాగే నీళ్లు పోసినా తప్పు లేదు, ఊరు చేరాక మార్పించుకోవచ్చు.

ఒక్క మోసం గుర్తుంచుకోవాలి. వేడి కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నప్పుడే సరిగ్గా చెబుతుంది. నీళ్లన్నీ కారిపోతే అది ఖాళీలో వేలాడుతుంది, ముల్లు కిందికి పడిపోవచ్చు. పైకి పోయిన ముల్లు ఉన్నట్టుండి దిగిపోయి, హీటర్ నుంచి చల్లగాలి వస్తుంటే సంతోషించవద్దు, వెంటనే ఆపేయాలి. చాలా చిన్న కార్లలో అసలు ముల్లే లేదు, చల్లగా ఉన్నప్పుడు నీలం లైటు, హీటయినప్పుడు ఎర్ర లైటు, అంతే. ఎర్ర లైటు వెలిగేటప్పటికే ఆలస్యమైనట్టు.

షెడ్లలో వినిపించే సలహా ఒకటి ఈ సీమలో ఇంకా పోలేదు. ‘‘చాచా, బండి ఊరికే హీటవుతోంది’’ అంటే ‘‘థర్మోస్టాట్ తీసి పారేద్దాం బేటా, ఇక హీటే కాదు’’ అంటారు. థర్మోస్టాట్ అంటే రేడియేటర్‌కి వెళ్లే దారిలో ఉండే చిన్న తలుపు. దాని పొట్టలో మైనం ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు తలుపు మూసి ఉంటుంది, నీళ్లు ఇంజిన్‌లోనే తిరిగి త్వరగా వేడెక్కుతాయి. సుమారు 82 నుంచి 88 డిగ్రీల దగ్గర మైనం కరిగి ఉబ్బి తలుపును తోస్తుంది. కరెంటు లేదు, వైరు లేదు, ఏళ్ల తరబడి పని చేస్తుంది. అది మూసుకుని బిగుసుకుపోతే బండి హీటవుతుంది, నిజమే. దానికి మందు కొత్తది వేయడం. తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ నిలిచి జిడ్డు కడుతుంది. అసలు జబ్బు జాలీ పూడుకుపోవడమో, ఫ్యాన్ తిరగకపోవడమో అయితే అది అలాగే ఉంటుంది, భాకరాపేట దగ్గర మళ్లీ బయటపడుతుంది.

జబ్బు ఎక్కడుందో పట్టుకోవడానికి మంచి గుర్తు ఒకటుంది. ట్రాఫిక్‌లో హీటయి హైవే ఎక్కగానే దిగిపోతోందంటే అనుమానం ఫ్యాన్ మీద: మోటారో, ఫ్యూజో, రిలేనో. చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగాలి. ఇంటి ముందు నిలబెట్టి ఒక్క నిమిషంలో చూసుకోవచ్చు. ఊళ్లో బాగుండి హైవే మీద స్పీడులో హీటవుతోందంటే రేడియేటర్ లోపల పూడుకుపోవడమో, పంప్ బలహీనపడటమో. నీళ్లు ఊరికే తగ్గిపోతున్నా కింద చుక్క కనబడకపోతే మూత వాల్వ్ పాడై ఉండవచ్చు, లేదా గ్యాస్కెట్ పోయి నీళ్లు సిలిండర్లోకి పోతుండవచ్చు. మూత ఖరీదు కొన్ని వందలు. మొదట మార్చాల్సింది అదే.

మన నీళ్ల సంగతీ చెప్పుకోవాలి. చిత్తూరు, కడప జిల్లాల్లో బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి. వేడినీళ్ల గిన్నె అడుగున తెల్లగా పేరుకునే సున్నం చూడని ఇల్లు ఉండదు. అదే సున్నం రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఆ గొట్టాలు చాలా సన్నటి సందుతో ఉంటాయి. రెండు మూడేళ్లు బోరు నీళ్లతో నడిపిన బండిలో సగం గొట్టాలు పని చేయకపోయినా బయటికి తెలియదు, చదును రోడ్డు మీద నెట్టుకొస్తుంది. ఘాట్ ఎక్కిన రోజే తెలుస్తుంది.

‘మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు దండగ’ అని అడిగేవాళ్లున్నారు. గడ్డకట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. మరిగే స్థాయిని పెంచడం, అల్యూమినియం తుప్పు పట్టకుండా కాపాడటం, పంప్ సీలును కాపాడటం మనకు కావలసినవి. అలాగని కూలెంట్ ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదనీ కాదు. వేడిని మోయడంలో వట్టి నీళ్లను మించింది లేదు. అందుకే సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ అనే లెక్క. కలిపి అమ్మేది కొంటే నీళ్లు కలపకూడదు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులు చూసి కొనవద్దు, రంగు కంపెనీ ఇష్టం. బండి పుస్తకంలో ఏ రకం రాసి ఉందో అదే పోయాలి, వేర్వేరు రకాలు కలిపితే లోపల జిగురుగా మారే ప్రమాదం ఉంది.

పిల్లలున్న ఇళ్లలో ఇంకో జాగ్రత్త. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, రంగుగా ఉంటుంది, విషం. కొంచెం తాగినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. మిగిలినదాన్ని కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోసి మెట్ల కింద పెట్టడం చాలా ఇళ్లలో చూస్తుంటాం. అది ఆ రోజే మానేయాలి. షెడ్డు ముందు నేల మీద వదిలేసిన కూలెంట్ నాకి కుక్కలూ పిల్లులూ చనిపోతాయి. పిల్లాడు తాగాడని అనుమానం వచ్చినా, వాంతి చేయించే ప్రయత్నాలు మాని, ఆ డబ్బాతో సహా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

హీటయిన బండిని ‘ఇంకో పది కిలోమీటర్లే, పీలేరులో చూపిద్దాం’ అని లాగితే ఏమవుతుందో తిరుపతిలో బాడుగ కార్లు నడిపేవాళ్లకు బాగా తెలుసు. హెడ్ వేడికి వంగుతుంది, హెడ్‌కీ బ్లాకుకీ మధ్య గ్యాస్కెట్ కాలిపోతుంది. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. ఆయిల్ స్టిక్ తీసి చూస్తే ఇంజిన్ ఆయిల్ ఇరానీ చాయ్ రంగుకు మారి ఉంటుంది, నీళ్లు కలిసినట్టు గుర్తు. ఇక హెడ్ దించి ఫేసింగ్ కొట్టించాలి. బండి వారం పది రోజులు షెడ్డులో. కిస్తీ మాత్రం ఆ నెల కూడా ఆగదు. ఆ పది కిలోమీటర్లకు బదులు రికవరీ బండిని పిలవడమే చౌక.

తిరుగు ప్రయాణంలో అదే ఘాట్ దిగేటప్పుడు రేడియేటర్‌కి పెద్దగా పని ఉండదు, ముల్లు కిందే ఉంటుంది. అయితే ఎక్కడానికి పెట్టిన శక్తి ఎక్కడికీ పోలేదు, దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట వేడిగా మారాల్సిందే. న్యూట్రల్‌లో వదిలేస్తే అది మొత్తం బ్రేకులకు ఎక్కుతుంది. ఏ గేరులో ఎక్కామో దాదాపు అదే గేరులో దిగితే సగం బరువు ఇంజిన్ పట్టుకుంటుంది. కాలిన వాసన వస్తూ పెడల్ మెత్తగా దిగుతుంటే, చంద్రగిరి చేరేదాకా ఆగకుండా, అక్కడే పక్కకు తీసి బ్రేకులు చల్లారనివ్వాలి. వాటి మీద కూడా నీళ్లు పోయకూడదు.